అలుగేదిరా?

నందికొండ,
ఆదివారం పొద్దున.

అన్నకు, నీ చెల్లె దండం పెట్టి రాసేది.

నేను ఇక్కడ బాగున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? దవాఖానలో ఇచ్చిన గోలీలు వేసుకుంటోందా, తగ్గిందని దూలం సందులో దాచిందా? వదిన బాగుందా? గొర్లకు మేత దొరుకుతోందా? అమ్మకు చెప్పు, నా గురించి ఏ ఫికరూ వద్దు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. నిజంగానే బాగున్నాను.

ఎండలు మన కొత్తకోట ఎండలకు తీసిపోవు గానీ, సాయంత్రమైతే డ్యాము నీళ్ళ మీది నుంచి చల్లగాలి వస్తుంది. ఇక్కడ కూరంటే చేపే. పక్క క్వార్టర్ పెద్దమ్మ రోజూ గిన్నెతో తెచ్చి, "తిను బిడ్డా, ముళ్ళు నన్ను తియ్యమంటవా?" అని నవ్వుతుంది. మంచి మనిషి. అయినా నా మనసు జొన్నరొట్టె మీదికే పోతుంది. ఇటువైపు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త జొన్నపిండి, అమ్మ నూరిన పుంటికూర తొక్కు పంపించు. సెలవు రోజైతే గదిలో మాట్లాడే దిక్కుండదు. గోడతో ఇంగ్లీషు మాట్లాడుకుంటున్నాను, అదీ బాగానే వింటోంది.

నేను చెప్పే సాయంత్రం ఇంగ్లీషు క్లాసులో అందరూ పెద్దవాళ్ళే. లాంచీ నడిపే యాదయ్య ఉన్నాడు, బట్టలు కుట్టే షాహీనా ఉంది. డ్యాము చూడటానికి వచ్చేవాళ్ళతో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడాలని వాళ్ళ ఆశ. ఎంతసేపూ 'వాట్ ఈజ్ యువర్ నేమ్' అంటే వాళ్ళకూ విసుగే, నాకూ విసుగే. నీళ్ళ అవతల అడవే కదా, అందులో కరువైపోతున్న జంతువుల మీద పాఠాలు మొదలుపెట్టాను.

పోయిన వారం బోర్డు మీద పాంగోలిన్ అని రాసి, పక్కన తెలుగులో అలుగు అని రాశాను. యాదయ్య లేచి నిలబడ్డాడు.

"గదేంది మేడం, అలుగంటె చెరువు నిండితె నీళ్ళు పారే జాగ గద! అలుగు పారితె మంచిదే, దానికేం ఆపద?"

"గది గాదు యాదన్నా," అంది షాహీనా, "అలుగుడంటె మొగనితోని మాట్లాడకుంట మూతి ముడ్సుకునుడు. మా ఇంట్ల రోజు అయితది."

క్లాసంతా ఒకటే నవ్వు. అప్పుడు బొమ్మ గీసి చెప్పాను: ఒళ్ళంతా పెంకులు, పళ్ళు లేని నోరు, చీమలూ చెదలూ తిండి. భయమైతే ముడుచుకుని బంతిలా అయిపోతుంది. చిరుతపులికి కూడా ఆ ముడి విప్పడం చేతకాదు. మనిషికి విప్పే పనే లేదు, అట్లాగే ఎత్తి సంచిలో వేసుకుంటాడు. ఎవరైనా పట్టి అమ్ముతున్నారని తెలిస్తే ఫారెస్టు ఆఫీసులో చెప్పాలని ఇంగ్లీషులో వాక్యం కట్టి, అందరి చేతా గట్టిగా అనిపించాను. కాపాడటం అనే మాట నేర్పడానికి ఇంకో వాక్యం రాశాను: మై బ్రదర్ ప్రొటెక్ట్స్ ఎ పాంగోలిన్. అది ఉండేది ఏ గుట్ట మీదో చెప్పలేదు. మా అన్న కాపాడుతున్నాడని మాత్రం గొప్పగా చెప్పుకున్నాను.

అన్నా, ఇంతవరకు అమ్మకు గట్టిగా చదువు. ఇక్కడి నుంచి నీలో నువ్వు చదువుకో. ఇంకా ఏం రాసిందని అడిగితే పాఠాల ముచ్చట అని చెప్పు. అబద్ధం చెప్పడం నీకిప్పుడు బాగానే వచ్చు కదా.

ఆ పాఠమైన మూడో రోజు షాహీనా క్లాసు అయ్యాక ఆగింది. దుకాణానికి వచ్చిన ఎవరో పంపారట, ఫోనులో వీడియో చూపించింది. "మేడం, గిది మనం సదివిన పాంగోలినే గద? అమ్ముతున్నరంట."

గొంగడి మీద అలుగు, బంతిలా ముడుచుకుని ఉంది. మనిషి మొహం లేదు, చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. తరువాత గొంతు వినిపించింది.

"లే బిడ్డ, లే. అలక సాలియ్యి. నీ మొఖం జర సూపియ్యి, నిన్నెవలేమంటరు?"

వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టి విన్నాను. ఈ మాటలు లోకంలో ఇంకెవరికి తెలుసు? నేను అలిగి, అన్నం మానేసి గొంగడి కింద ముడుచుకుంటే, పక్కన కూర్చుని నువ్వు అనే మాటలు కావా? గుట్ట మీద దాన్ని మొదటిసారి చూపించింది నువ్వే. "సూడే, అచ్చం నీ లెక్కనే అలిగింది" అని, ఆ రోజు నుంచి నన్నే అలుగు అని పిలిచావు. ఎవరికీ చెప్పనని నీ తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నావు. ఒట్టు నాకు, బేరం నీకా?

వీడియోలో అది నీ మాట విని మెల్లగా ముక్కు బయటపెట్టింది. చిన్నప్పుడు నేనూ అట్లాగే బయటపెట్టేదాన్ని. ఎట్లా మనసొప్పింది నీకు? కంచే చేను మేస్తే ఇక ఎవరితో చెప్పుకోను? ఏ కష్టమొచ్చిందో నాకు తెలియదు. వస్తే చెల్లెతో ఒక్క మాట అనకూడదా? నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది.

ఆ రాత్రే ఫోన్ చేసి, గుట్ట మీది అలుగు ఉందా అని అడిగాను. "ఆఁ, ఉన్నది, దానికేమైతది?" అన్నావు. గొర్లు బెదిరాయని పెట్టేశావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, దీన్ని మధ్యలో పెట్టేయలేవు.

"ఫారెస్టోళ్ళకు జెప్దామా మేడం? మీరే నేర్పితిరి," అని షాహీనా అడిగింది. చూద్దాం అన్నాను. ఆమె నా మొహం చూసి, "గొంతు మీ దిక్కు మాట లెక్కనే ఉన్నది," అని ఊరుకుంది. మూడు రోజులైంది, మళ్ళీ అడగలేదు. నీ గురించి నేను రాసిన వాక్యం బోర్డు మీద అట్లాగే ఉంది. దాన్ని తుడవడానికీ చేతులు రావడం లేదు, చదివించడానికీ నోరు రావడం లేదు.

రేపు పొద్దున షాహీనాను వెంటబెట్టుకుని ఇక్కడి ఫారెస్టు ఆఫీసుకు పోతున్నాను. ఆ గొంతు ఎవరిదని అడిగితే చెబుతాను. ఈ ఉత్తరం అందేసరికి అది ఇంకా నీ దగ్గరే ఉంటే, వాళ్ళు వచ్చేదాకా ఆగకు, నువ్వే తీసుకుపోయి అప్పగించు. చెయ్యి దాటిపోయి ఉంటే, ఎవరికిచ్చావో నీ నోటితో చెప్పు. ఆ మేరకైనా నాకు అన్నవు అనిపించుకో.

ఇంకొక్క మాట. నా ఉత్తరాల కింద ఎప్పుడూ 'మీ అలుగు' అని ఉంటుంది. అది వింటే గానీ అమ్మకు ఉత్తరం అయిపోయినట్టు కాదు. ఈసారి ఆ మాట రాయడం లేదు. "అలుగేదిరా?" అని అమ్మ అడుగుతుంది. ఏం చెబుతావో చెప్పు.

ఇక గట్టిగా చదువు.

అమ్మా, నొప్పి తగ్గినా గోలీలు ఆపకు. ఎండలో గొర్ల వెంట పోకు. నేను బాగున్నాను, నువ్వు రంది పెట్టుకోకు. వదినను అడిగినట్టు చెప్పు. అవ్వకు, వాడకట్టు పెద్దలందరికీ నా దండాలు. రేపు నాకొక పని ఉంది, అది ధైర్యంగా చేయాలని నన్ను దీవించు.

ఇట్లు,
సుజాత.