మిరపచేలో తెగిన తీగ

అక్కా, నేను బాగానే ఉన్నా. ఫోనులో నన్ను మాట్లాడనీవు గనక కార్డు రాస్తన్నా.

కరెంటాఫీసు ఉద్యోగం మానెయ్యమని ఒకటే పోరు పెడతన్నావు గదా, నిన్న ఏం జరిగిందో విను. దుర్గి పక్కన గాలికి లైను తెగి మిరపచేలో పడింది. కాయ కోసే ఆడోళ్లంతా అక్కడే ఉన్నారు. పగటిపూట సోలారు కరెంటు కూడా అదే లైనులోకి ఎక్కుద్ది, దాంతో లైనులో తేడా వస్తే కరెంటు ఆపాల్సిన మా పాత రిలే తికమకపడేది. కొత్తది లైను తీరునుబట్టి ఎప్పుడు ఆపాలన్న లెక్క తానే మార్చుకుంటది. తీగ పడగానే ఆ ముక్క వరకే కరెంటు ఆపేసింది. ఎవరికీ ఏం కాలా. ఊళ్లో ఫ్యాన్లు తిరుగుతానే ఉన్నయ్. కరెంటు పోతే మమ్మల్ని తిట్టే ఫోన్లు ఆగవు, నిన్న ఒక్కటీ రాలా. ఫోను చెడిందేమోనని తీసి చూసుకున్నాం!

నా పసుపు చీరకి ఫాలు కుట్టించావా? పిల్లకి దగ్గు తగ్గిందా? అత్తయ్యకి దండాలు చెప్పు.

మాటిమాటికీ పోతందని బావ మీ ఇంటి ఫ్యూజుకి లావు తీగ చుట్టాడంట గదా. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఇయ్యాళే సన్నది వేయించండి. ఫ్యూజు పోతేనే మనుషులు మిగిలేది. నువ్వు నా ఉద్యోగానికి భయపడతన్నావు, నాకేమో మీ ఇల్లంటేనే భయం.

నీ చెల్లి
ధరణి