ఏడో గడి పూరించనందున తిరిగి వచ్చిన కారు పన్ను అర్జీ

తేదీ: 11 సెప్టెంబరు, గురువారం. ఈ ఉదయం తమ కార్యాలయంలో ఆరో నంబరు కిటికీ సరిగ్గా ఎనిమిదింటికే తెరుచుకున్నది. ఇన్నిసార్లు వచ్చినా ఇలా జరగడం చూడలేదు. మా నాలుగో అర్జీ మాత్రం ఎనిమిదీ పదికల్లా మా చేతికి తిరిగి వచ్చింది.

రుణ నివేదికల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మ సుతియెం రుణ నివేదికలో ఉన్న కారు పన్ను బకాయి నమోదును తొలగించమని కోరుతూ ఐదవ అర్జీ.

1. మా అమ్మ సోయా గింజలు ఉడికించి, పులియబెట్టి, టెంపే అనే అచ్చులు చేసి బజారులో అమ్ముతుంది. గింజలు ఉడికించే డ్రమ్ముకు అడుగు పోయింది. కొత్తదానికి సహకార బ్యాంకులో అప్పు అడిగితే, ఏడు సీట్ల తెల్ల కారుకు మూడేళ్ళుగా పన్ను కట్టని మనిషికి ఇవ్వలేమన్నారు. ఇప్పుడు వాడుతున్నది ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్న డ్రమ్ము. సోమవారం తిరిగి ఇచ్చెయ్యాలి. ఆపైన అమ్మకు అమ్ముకోవడానికి ఏమీ ఉండదు.

2. సదరు కారు మాది కాదు. మా సందులో మోటారుసైకిలు ఎదురైతే ఎవరిదో ఒకరి గుమ్మం ఎక్కి నిలబడాలి. అమ్మకు సైకిలు తొక్కడం కూడా రాదు.

3. రెండో కారు సొంత పేరున కొంటే పన్ను ఎక్కువని, కలిగినవాళ్ళు పొరుగువాళ్ళ గుర్తింపు కార్డు అడిగి తీసుకుని వాళ్ళ పేరున కొనడం మా పేటలో మామూలే. అడిగితే కాదనడం మర్యాద కాదు. ఎనిమిదేళ్ళ కిందట అమ్మ కార్డు అలాగే రెండు రోజులు వెళ్ళి వచ్చింది. తీసుకున్న పెద్దమనిషి తర్వాత కారు అమ్మేశారు. కొన్నవాళ్ళు అమ్మ పేరు మార్పించుకోలేదు, పన్నూ కట్టలేదు.

4. తమ పత్రంలో ఏడో గడి ‘కార్డు వాడుకున్న వ్యక్తి పేరు’. అమ్మ దాన్ని పూరించదు. ఈ ఉదయం కిటికీ దగ్గర జరిగినది ఇది:

“సుతియెం గారూ, కార్డు ఇచ్చారా లేదా?”

“ఇచ్చాను బాబూ.”

“ఎవరికి?”

“అవసరమున్నవాళ్ళకి.”

“ఆ గడిలో ‘అవసరమున్నవాళ్ళు’ అని రాయడం కుదరదమ్మా.”

“అయితే ఖాళీగానే ఉంచు.”

5. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేనూ అమ్మను అడిగాను, ఆ పేరు ఎందుకు రాయవని.

“మీ నాన్నను ఆయన ఆ కారులోనే కదే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. సందు మొదటి దాకా కుర్చీలో మోసుకెళ్ళిన నలుగురిలో ఆయనా ఒకడు. అలాంటి మనిషి పేరు నా చేత్తో సర్కారు కాగితం మీద రాయమంటావా?”

“కారు ఆయనది, పన్ను నీది. బాగుందమ్మా పంపకం.”



6. తమ లేఖలో అమ్మను ‘ప్రతికూల నమోదు గల వ్యక్తి’ అన్నారు. నేను కళాశాలలో సాహిత్యం చదువుతున్నాను. కొత్త మాట కనబడితే పుస్తకంలో రాసుకుంటాను. దీన్నీ రాసుకున్నాను. అమ్మ అర్థం అడిగితే మాత్రం చెప్పలేకపోయాను.

కావున ఏడో గడి ఖాళీగా ఉన్నప్పటికీ, విచారణకు ఒక ఉద్యోగిని మా సందుకు పంపి, సదరు నమోదును తొలగింపజేయ ప్రార్థన. తమరికి తీరిక లేకపోతే నాలుగో, ఐదో అంశాలనైనా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లారస్
(సుతియెం కుమార్తె)

తా.క.: ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. గింజల పొట్టు తీస్తూనే వింది. తర్వాత, “ఆయన పేరు నేను రాయను. ఆయనే రాసుకుంటాడు. తిరిగొచ్చిన ఆ కాగితం తీసుకుని పోదాం,” అంది. రాయనంటే ఏం చేద్దామని అడిగాను. “అప్పుడు చూద్దాం,” అంది. కాబట్టి దయచేసి ఈ అర్జీని రేపు పదింటి దాకా తిప్పి పంపవద్దు. రేపు అమ్మ బజారుకు వెళ్ళడం లేదు. తెల్లవారి ఐదున్నరకు, ఆయన నమాజు ముగించుకుని వరండాలో కూర్చునే వేళకు, మేమిద్దరం వాళ్ళింటికి వెళ్తాం. కలం నేను పట్టుకెళ్తాను.