పైరప్ప పెళ్ళాం ఓటు

బేరిగై,
మే 1980, సోమవారం.

మా బిడ్డ మంజులమ్మ నాయనకు కెంపమ్మ నమస్కారం పెట్టి రాసేది. ఇక్కడ నేనూ, గొర్రెలూ, మేకలూ బాగున్నాము. కృష్ణగిరిలో నువ్వూ, నువ్వు కాపలా కాసే మామిడితోపూ బాగున్నారని తలుస్తాను.

జనవరిలో ఢిల్లీ ఎలక్షన్ అయిందా, మళ్ళీ ఈ నెలాఖరుకు మద్రాసు ఎలక్షన్ అంట. జనవరిలో నాకేమైందో నీకు తెలుసు. నువ్వు పొద్దున్నే ఓటేసి గొర్రెల వెంట పోయావు. నేను ఎండలో వరుసలో నిలబడి, నా వంతు వచ్చి లోపలికి పోతే, "ఊళ్ళో నలుగురు కెంపమ్మలున్నారు, నువ్వు ఎవరి పెళ్ళానివి?" అన్నాడు ఆఫీసరు. కట్టుకున్నవాడి పేరు నోటితో అంటే అతని ఆయుష్షు తగ్గిపోతుందని మా అవ్వ చెప్పింది. పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా అనలేదు, ఆ రోజూ అనలేదు. పక్కనున్నవాళ్ళు చెప్పబోతే, ఆమే చెప్పాలి అన్నాడు. చివరికి ఇంటికి పొమ్మన్నాడు. నీ ఆయుష్షు నిలబడింది, నా ఓటు పోయింది. ఇంటికి వచ్చి ఏడిస్తే నువ్వు నవ్వావు. అది నేను మరిచిపోలేదు.

ఈసారి ముందే చూసుకుందామని పంచాయతీ ఆఫీసుకు పోయాను. సేలం వైపు నుంచి కొత్తగా వచ్చిన కుమాస్తా అరవంలో ఉన్న ఓటర్ల జాబితా తీసి చదివాడు. నలుగురు కెంపమ్మల్లో ముగ్గురు నాకు తెలిసినవాళ్ళే. నాలుగో కెంపమ్మ మొగుడి పేరు పైరప్ప అంట! మన ఊళ్ళో పైరప్ప ఎవరు? "అది నేను కాదు సామీ" అన్నాను. "మరి మీ ఆయన పేరేమి?" అన్నాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పైరప్ప పెళ్ళాన్నని ఒప్పుకుంటేనే నాకు ఓటంట, లేకపోతే లేదంట.

ఏం చేయమంటావు? ఒక్కరోజు వచ్చి నీ పేరేమిటో వాళ్ళకు చెప్పిపో. ఈసారి మాత్రం ఓటు వేయకుండా నేను ఇంటికి రాను.

ఇట్లు,
కెంపమ్మ.

తా.క. కవరు మీద నీ పేరు పోస్టుమాన్ ముత్తప్ప చేత రాయించాను. పలకకూడదని అవ్వ చెప్పింది గానీ రాయొచ్చో లేదో చెప్పకుండానే పోయింది. ముత్తప్ప ఎన్నిసార్లు రాసినా నీకేమీ కాదు.


కృష్ణగిరి,
శుక్రవారం.

చిరంజీవి సౌభాగ్యవతి కెంపమ్మకు బైరప్ప దీవించి రాసేది. ఇక్కడ మామిడికాయలు క్షేమం. నేను క్షేమంగా లేను.

ఎవడా పైరప్ప? ఉత్తరం అందినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. పైరప్ప పెళ్ళానివంటే ఓటు ఇస్తారంట, ఏం చేయమంటావని నన్ను అడుగుతావా? అడగాల్సిన మాటేనా అది? నేనిక్కడ ఎవరో పెట్టిన తోపులో ఎవరూ కాయ కోయకుండా కర్ర పట్టుకుని తిరుగుతుంటే, అక్కడ నా ఇంటికే కాపలా లేకుండా పోయింది.

ఓటు లేకపోతే ఏమవుతుంది? నీ ఒక్క ఓటు పడలేదని మద్రాసులో కుర్చీలు విరిగిపోతాయా? జనవరిలో వేయలేదు, ఢిల్లీ నడవడం లేదా? ఊరుకో. ఆ పంచాయతీ ఆఫీసు ఛాయలకు కూడా పోవద్దు. బెంగుళూరా మామిడికాయలు కోతకు వచ్చాయి, ఈ తోపు కొన్న మండీ సావుకారు సెలవు ఇవ్వడు. కాబట్టి రాలేను.

ఇట్లు,
బైరప్ప, అంటే నీ మొగుడు.

తా.క. మొన్న ఉగాదప్పుడు మన వీధిలో బోరు వేయడానికి ఒక మేస్త్రి వచ్చాడు. అతనికి నువ్వు మజ్జిగ ఇచ్చావు. అతని పేరేమిటి? ఎన్ని చెంబులు ఇచ్చావు?


బేరిగై,
మంగళవారం.

మంజులమ్మ నాయనకు కెంపమ్మ రాసేది. నమస్కారం ఈసారి పెట్టడం లేదు.

మజ్జిగ రెండు చెంబులు. ఒకటి మేస్త్రి తాగాడు, రెండోది నువ్వు తాగావు. అతని పేరు అబ్దుల్లా. చాలునా?

ముప్పై ఏళ్ళు నీ ఆయుష్షు కోసం నోరు కట్టుకున్నదాన్ని నేను. నాకా ఈ మాట? నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది, తర్వాత మళ్ళీ కోపమే వచ్చింది. అది ఇంకా పోలేదు.

ఒక్క ఓటుతో ఏమవుతుంది అని అడిగావు. చెబుతాను విను. కేశవప్పకు ఇరవై ఎకరాలు, మనకు ఎకరన్నర. పెళ్ళికి పోతే అతనికి మొదటి పంక్తిలో ఆకు, మనకు పాయసం అయిపోయిన పంక్తిలో. హోసూరు బస్సులో అతన్ని చూసి లేచి సీటిస్తారు, నన్ను చూసి బుట్ట పైన వేయమంటారు. కానీ ఆ పెట్టెలో అతను వేసేది ఒక కాగితం, నేను వేసేదీ ఒక కాగితమే. అన్నీ కలిపేసి లెక్కపెడతారు. ఏది కేశవప్పదో, ఏది గొర్రెలు కాసే కెంపమ్మదో ఎవరూ చెప్పలేరు. ఇంకెక్కడైనా నన్నూ అతన్నీ సరిసమానంగా లెక్కపెట్టారా? ఆ ఒక్క చోటును నేను వదులుకోను. నువ్వు వదులుకోమన్నా వదులుకోను.

అందుకే వద్దన్నా మళ్ళీ ఆఫీసుకు పోయాను. అక్కడ తెలిసిన సంగతి వినేముందు గట్టిగా ఊపిరి పీల్చుకో. ఆ పైరప్ప మన ఇంటి నంబరులోనే ఉన్నాడంట! వయసు యాభై రెండు అంట. ఓటు కూడా ఉందంట. "మీ ఇంట్లో రెండే ఓట్లమ్మా, ఒకటి పైరప్పది, ఒకటి కెంపమ్మది" అన్నాడు కుమాస్తా. మరి నీ ఓటు ఏమైంది? నీ పేరు ఉందా అని అడగాలంటే నీ పేరు చెప్పాలి కదా, అందుకని అడగలేకపోయాను. ఓటు పోతే ఏమవుతుందన్నావే, ఇప్పుడు నీది కూడా పోయింది. ఊరుకుంటావా?

ఇట్లు,
ఎవరి పెళ్ళామో సర్కారుకే తెలియాల్సిన
కెంపమ్మ.

తా.క. ఎందుకైనా మంచిదని అటక మీద కూడా చూశాను. పైరప్ప లేడు. పోయిన ఏడు పోయిన కొడవలి దొరికింది.


కృష్ణగిరి,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి, నిజంగానే సౌభాగ్యవతి అయిన కెంపమ్మకు.

అటక మీద వెతకొద్దు. పైరప్ప దొరికాడు.

నీ ఉత్తరం అందగానే కాపలా కర్రతో సహా మండీకి పోయాను. ఊరూరి మనుషులు వచ్చే చోటు కదా, ఎవరికో ఒకరికి తెలియకపోదు అనుకున్నాను. లెక్కలు రాసే ముదలియారును నిలదీసి అడిగాను.

"అయ్యా, బేరిగై వైపు పైరప్ప అనేవోడు ఎవడన్నా ఉన్నాడా? నాకు వాడు కావాల."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కిందికి చూసి, "నీ దానేయ్యా పైరప్ప!" అన్నాడు. నేనేనంట! వేళాకోళం చేస్తున్నాడని లారీ డ్రైవరును అడిగాను. అతనూ నన్నే చూపించాడు. టీ కొట్టు ఆయన్ను అడిగితే, "ఏం పైరప్పా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు. అప్పుడు ముదలియారు నన్ను కూర్చోబెట్టి కాగితం మీద రాసి చూపించాడు. అరవంలో 'ప'కూ 'బ'కూ ఒకటే అక్షరమంట. బైరప్ప అని రాసినా పైరప్ప అని చదువుతారంట. పదేళ్ళుగా మామిడికాయల కాలంలో ఈ మండీలో అందరూ నన్ను పైరప్పా అనే పిలుస్తున్నారు, నేనూ పలుకుతున్నాను. నా చెవికి మాత్రం ఎప్పుడూ బైరప్పా అనే వినిపించింది!

నిన్ను అనరాని మాట అన్నాను. తప్పు నాదే. కోపం పోకపోతే నేను వచ్చాక రెండు రోజులు అన్నం పెట్టొద్దు. మూడో రోజు పెట్టు.

మన ఇద్దరి ఓట్లూ భద్రంగా ఉన్నాయి. పోలింగ్ బూత్‌లో పైరప్ప పెళ్ళానివా అంటే అవునని ధైర్యంగా చెప్పు. నా పేరును సరిగ్గా దిద్దమని ముదలియారు చేత తాలూకాఫీసుకు అర్జీ రాయించాను, ఎలక్షన్ అయ్యాక ఇస్తాను. సావుకారు సెలవు ఇవ్వనన్నాడు కాబట్టి నేను రాను. నా కోసం ఎదురు చూడకు.

ఇట్లు,
బైరప్ప.

తా.క. ఈ లెక్కన మన గుర్రప్పను అరవంలో కుర్రప్ప అని చదువుతారంట. పళ్ళన్నీ ఊడినా సర్కారు జాబితాలో అతను కుర్రవాడే. అతని పెళ్ళాం మద్దమ్మకు చెప్పు, సంతోషిస్తుంది.


బేరిగై,
ఎలక్షన్ రోజు, సాయంత్రం.

మంజులమ్మ నాయనకు కెంపమ్మ రెండు నమస్కారాలు పెట్టి రాసేది. పోయినసారి ఎగ్గొట్టింది కూడా కలిపాను.

ఓటు వేశాను!

పెళ్ళి చీర కట్టుకుని పోయాను. స్కూల్లో మధ్యన తడిక కట్టి, ఇటు ఆడవాళ్ళకూ అటు మగవాళ్ళకూ వరుసలు పెట్టారు. మీ అక్క గంగక్క నా వెనకే ఉంది. లోపలికి పోయాను. జనవరిలో వచ్చిన ఆఫీసరే! నన్ను గుర్తుపట్టి నవ్వాడు. "ఉన్ పురుషన్ పేరెన్నమ్మా?" అన్నాడు. మళ్ళీ అదే ప్రశ్న. కళ్ళు మూసుకుని, గొర్రెలను అదిలించే గొంతుతో అన్నాను.

"పైరప్ప!"

అంతలో తడిక అవతల ఎవడో తాగుబోతు "ఆఁ!" అని పలికాడు. అందరూ గొల్లున నవ్వారు. ఆఫీసరుకు కోపం వచ్చి గట్టిగా అరిచాడు కూడా. ఎవరని నేను ఎంత అడిగినా ఒక్కరూ చెప్పలేదు.

మీ అక్క నా చెయ్యి పట్టుకుని గుంజింది. "ఏమే కెంపీ, మా తమ్ముని పేరు నోటితో అంటివా! వాడు బతకాల్నా వద్దా?"

"నేను యాడ అన్నాను వదినా? నీ తమ్ముని పేరు 'బ'తో మొదలవుతుంది. నేను అనింది 'ప'తో. ఇది సర్కారోళ్ళు పెట్టిన పేరు, దీనికీ ఆయుష్షుకీ సంబంధం లేదు" అన్నాను. 'బ' అనే అక్షరం దగ్గరే ఆపేశాను, మిగతాది అనలేదు, భయపడకు.

చీటీ ఇచ్చారు. తెర వెనక్కి పోయాను. అక్కడ నేనొక్కదాన్నే. నాకు పని చెప్పేవాళ్ళు లేరు, తప్పుకోమనేవాళ్ళు లేరు. ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేశాను. ఎవరికి వేశానో నీకు కూడా చెప్పను. బయటికి వస్తే కేశవప్ప ఎదురయ్యాడు. అతని వేలికీ సిరా చుక్క, నా వేలికీ సిరా చుక్క. నేను తల దించుకోకుండా నడిచి వచ్చాను. ఎంత గర్వంగా ఉందో రాయడానికి చేతకావడం లేదు. రాగిముద్ద తినేటప్పుడు కూడా ఎడమ చెయ్యి అందరికీ కనబడేలా మోకాలి మీద పెట్టుకున్నాను.

నువ్వు రాలేదు. నీ కాగితం ఒకటి తక్కువ పడింది. అది మాత్రం నాకు కష్టంగా ఉంది.

ఒకటి అడుగుతాను, కాదనకు. ఆ అర్జీ ఇవ్వొద్దు. ముప్పై ఏళ్ళుగా నిన్ను పిలవడానికి నాకు పేరు లేదు. మంజులమ్మ పుట్టాక మంజులమ్మ నాయనా అన్నాను. అంతకుముందు 'ఇదిగో' ఒక్కటే. ఇన్నాళ్ళకు నేను అనదగిన పేరు ఒకటి దొరికింది. దాన్ని దిద్దించి పోగొట్టకు.

ఇట్లు,
కెంపమ్మ, పైరప్ప పెళ్ళాం.

తా.క. ఇది తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళంతా, మా ఆయన పేరు అరవంలో ఏమవుతుంది అని నా దగ్గరికి వచ్చారు. మద్దమ్మ "కుర్రప్ప!" అని మూడుసార్లు అరిచి ఓటేసింది. పాపన్న పెళ్ళాం జయలక్ష్మమ్మకే కష్టం, అతని పేరు ఎలా చదివినా పాపన్నే. చివరికి ఆమె చంటిబిడ్డను చూపించి, తర్వాత తన అన్నను చూపించింది. ఆఫీసరు రెండూ కలుపుకుని చీటీ ఇచ్చాడు.


కృష్ణగిరి,
ఆదివారం.

కెంపమ్మా,

తాగుబోతు కాదు. నేను.

కేశవప్ప కాగితం, నీ కాగితం అని రాశావు చూడు, అది చదివినప్పటి నుంచి నా కాగితం నన్ను నిలవనీయలేదు. ఎలక్షన్ రోజు మన ఊరి మీదుగా మాలూరుకు పోయే మామిడి లారీ ఎక్కాను. డ్రైవరు భోంచేసి కునుకు తీసేంత సేపే సమయం. ఇంటికి వస్తే నువ్వు తినకుండా పోనివ్వవు. పైగా ఆ మజ్జిగ మాట రాసినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని నీ ఎదుట నిలబడను? అందుకే కెంపమ్మకు చెప్పొద్దని అందరి దగ్గరా మాట తీసుకుని మగవాళ్ళ వరుసలో నిలబడ్డాను. ఊరంతా మాట నిలబెట్టుకుంది.

తడిక అవతల నీ గొంతు వినిపించింది. స్కూలు అదిరేలా పిలిచావు. కెంపమ్మా, ఈ ముప్పై ఏళ్ళలో నువ్వు నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. పలకకుండా ఎలా ఉంటాను? నాకు తెలియకుండానే "ఆఁ" అన్నాను. ఆఫీసరు తిట్టాడు. అంత సంతోషంగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

నా వంతు వచ్చినప్పుడు పేరేమిటి అన్నాడు. "పైరప్ప, ఇప్పుడు పోయిందే కెంపమ్మ, ఆమె మొగుణ్ణి" అన్నాను. నా కాగితం కూడా పెట్టెలో పడింది. సిరా వేలు మండీలో అందరికీ చూపించాను. జనవరిలో నువ్వు ఏడిస్తే నవ్వాను కదా, ఆ నవ్వు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. నా పెళ్ళాం ఓటు వేసిందని ఇక్కడ కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాను.

అర్జీ చింపేశాను.

ఇట్లు,
పైరప్ప.

తా.క. ఈసారి కవరు మీద పేరు ముత్తప్ప చేత రాయించవద్దు, నువ్వే రాయి. ఈ పేరైతే రాయొచ్చు కదా. ఇక్కడి పోస్టుమాన్ అరవాయన, తప్పకుండా నాకే ఇస్తాడు.