వెనక చక్రం వేడి

ఏమండీ,

రేపు మీ సంవత్సరీకం. అప్పటికి ఇల్లు చేరాలని మన యాత్రల బస్సును కాశీ నుంచి త్వరగానే తిప్పాం. మీ డ్రైవరు సీట్లో ఇప్పుడు రమణ కూర్చుంటున్నాడు. మంచివాడేనని అందరూ అంటారు. నాకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు.

బస్సు ఆగగానే చక్రాలన్నీ చూశాకే పొయ్యి వెలగాలన్నది మీరు పెట్టిన పద్ధతి. రమణ కూడా రాడ్డుతో టైర్లు కొడతాడు కానీ, ఆ చప్పుడు చెవిన పెట్టడు. పైగా నిన్నటి నుంచి ఎడమవైపు వెనక చక్రం దగ్గరికి నన్ను రానివ్వడం లేదు. మసి అంటుతుందక్కా అంటాడు. వంట చేసేదానికి మసి కొత్తా?

ఇవాళ చిలకలూరిపేట దాటాక, మిరపకాయలు ఆరబోసిన కల్లాల పక్కన ఆపాం. యాత్రికులు ఆకలంటున్నారు.

"అన్నీ చూశా, ఏం లేదు. పొయ్యి ముట్టించక్కా" అన్నాడు.

అగ్గిపెట్టె కొంగున ముడేసుకుని వెళ్ళి, ఆ చక్రం మధ్యలో మీలాగే అరచెయ్యి ఆనించాను. పెనంలా కాలింది.

"ఏరా, ఏం లేకపోతే ఇదేంట్రా?"

తల దించుకున్నాడు. "బ్రేకు పట్టేస్తోందక్కా. ఇంటికి దగ్గర పడ్డాం కదా, ఒంగోలు వెళ్ళాక చూపిద్దామనుకున్నా."

మెకానిక్కు వచ్చి బాగుచేసేదాకా పొయ్యి వెలిగించలేదు. అరచెయ్యి బొబ్బెక్కి పెన్ను పట్టు చిక్కడం లేదు.

ఒంగోలు వెళ్ళాకట! మీరూ ఛాతీ రుద్దుకుంటూ ఆ మాటే అన్నారు. గ్యాసేలే, ఒంగోలు వెళ్ళాక చూపించుకుంటానని. దారంతా ప్రతి చక్రం మీదా చెయ్యి పెట్టి చూశారు కదా, మీ ఛాతీ మీద ఒక్కసారి నన్ను చెయ్యి పెట్టనిచ్చారా?