మూడో కంచం

నవంబరు 6, గురువారం
మూడో తరగతికి యూదుల దీపాల పండుగ కథ చెప్పాను. ఎనిమిది రోజులు. మొదటి రోజు ఒక దీపం, రెండో రోజు రెండు, అలా... మొత్తం ఎన్ని? నేలంతా లెక్కకు పరిచిన చింతపిక్కలు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. ముప్పై ఆరని ముందుగా చెప్పింది గౌరి. ఈ బడికి బదిలీ అయి రెండు నెలలు. ఆ పిల్ల గొంతు సరిగ్గా విన్నది ఈ రోజే.
సంతోషించాలి. కానీ లోపల ఏదో కంగారు. నెలాఖరుకు పరీక్ష, తీసివేతలు ఇంకా మొదలే పెట్టలేదు.

నవంబరు 7
గుమ్మంలోనే హెచ్చెమ్ గారు — "పండగలు బాగున్నాయమ్మా. మరి తీసివేతలెప్పుడు?"

నవంబరు 10
చైనా లాంతర్ల పండుగ. ఇరవై లాంతర్లు, గాలికి ఏడు ఆరిపోయాయి. వెలుగుతున్నవి ఎన్ని? అందరూ పదమూడు అన్నారు. గౌరి నోటుబుక్కులో ఇరవై.
"ఆరిపోతే మల్లీ ఎలిగిస్తారు కదేటి మేడం?"
పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి నోటుబుక్కులు దిద్దుతుంటే ఆ నవ్వు పోయింది. కూడికలన్నీ సరి. ఈ రోజు ఇచ్చిన నాలుగు తీసివేతల్లో మాత్రం... ప్రతిసారీ పై సంఖ్యనే కిందకు దింపి రాసింది. రాక కాదు. మరెందుకు?

నవంబరు 11
మెక్సికో కథ. చనిపోయినవాళ్ళు ఏడాదికోసారి ఇంటికొస్తారని అక్కడివాళ్ళ నమ్మకం. బంతిపూలు పరుస్తారు, ఇష్టమైనవి వండి పెడతారు. "మావూ పెద్దలకి కొత్త బట్టలు పెడతాం మేడం!" — ఒకటే గోల. ఇంట్లో ఇద్దరు, వచ్చేది ఒకరు, కంచాలెన్ని?
గౌరి లేచి నిలబడి మరీ చెప్పింది, "మూడు!" మొహం వెలిగిపోయింది.
పాఠం ఎంత బాగా చెప్పానో అనుకున్నాను.

నవంబరు 13
గౌరి తండ్రి అప్పన్న వచ్చాడు. గరివిడిలో ఆటో నడుపుతాడు. అరుస్తాడనుకున్నాను. గొంతు పైకి లేవలేదు.
"మా పిల్లకేటి సెప్పారు మేడం? రెండ్రోజులై మూడు కంచాలెడతన్నాది. వాల్లమ్మ వస్తాదట. తను తినదు, నన్ను తిననివ్వదు. అమ్మని రానీ, అంటాది."
వాళ్ళమ్మ వేసవిలో జ్వరంతో పోయిందట. రిజిస్టరులో తల్లి పేరు ఉంది. అంతే చూశాను. ఇంట్లో ఎవరెవరుంటారని ఆ పిల్లని ఒక్కసారీ అడగలేదు.
క్షమించమన్నాను. "మీకు తెల్దు కదమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నవంబరు 14
హెచ్చెమ్ గారు — "నేను చెప్పాల్సింది. మీరూ అడగాల్సింది. ఇక పుస్తకంలో ఉన్నదే చెప్పండి."

నవంబరు 15
పుస్తకంలో ఉన్నదే చెప్పాను. బుట్టలో ఎనిమిది మామిడిపళ్ళు, మూడు తీసేస్తే? గౌరి ఎనిమిదే రాసింది. పక్కన కూర్చుని మెల్లగా అడిగాను, ఎందుకమ్మా అని.
"తీసెత్తే ఎక్కడికెల్తాయి మేడం? ఎక్కడోకాడ ఉంటాయి కదా."
తప్పని పెట్టలేకపోయాను. సరి అనీ పెట్టలేదు. ఎర్ర పెన్ను మూత తీయడం, పెట్టడం...

నవంబరు 16, ఆదివారం
ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళాను. బస్సులోంచి మధ్యలోనే దిగిపోదామని రెండుసార్లు అనిపించింది.
నిజంగానే మూడు కంచాలు. మూడోదాంట్లో అన్నం, ఎండుచేపల పులుసు — వాళ్ళమ్మకి ఇష్టమట. నన్ను చూడగానే గౌరి ఇంకో కంచం కడిగింది. "ఇప్పుడు నాలుగు మేడం!"
ఏదో చెప్పాలని వెళ్ళాను. కూర్చుని తిన్నాను. నేను తింటుంటే తనూ తింది. అప్పన్న గోడవైపు తిరిగి గబగబా తిన్నాడు.
బస్టాపు దగ్గర దింపుతూ అడిగాడు —
"ఆ పండగ ఎన్నాల్లుంటాది మేడం?"
రెండు రోజులన్నాను.
"అయిపోద్దని దానికి సెప్పనేదా?"
చెప్పలేదు.
"రేపు సెప్పండి. నాను సెప్తే నమ్మదు. మీరు సెప్తే నమ్ముతాది."

నవంబరు 17
మొదటి పీరియడ్. హెచ్చెమ్ గారు వరండాలో ఉన్నారని తెలుసు. అయినా మెక్సికో కథే మొదలుపెట్టాను. రెండో రోజు సాయంత్రం పూలు ఎత్తేస్తారు. కంచాలు కడిగి లోపల పెట్టేస్తారు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు, మళ్ళీ ఏడాదికి వస్తారు...
గౌరి చెయ్యెత్తింది.
"మరి మా అమ్మ వచ్చి ఎల్లిపోయినాదా మేడం? అసల రానేదా?"
క్లాసంతా నా వైపు చూస్తోంది. హెచ్చెమ్ గారు కూడా, కిటికీలోంచి.
"ఆలోచించి రేపు చెప్తాను గౌరీ" అన్నాను.
"సరే మేడం" అని కూర్చుంది.
నమ్మింది.