కిరణ్ పాల్ ఏ మందవాడు

పుప్పాలగూడ,
ఆగస్టు 9, 2025.

యౌవనుల ఉమ్మడి బైబిలు వాక్య తరగతిని నడిపించే ముగ్గురు పాస్టరు అయ్యగార్లకు, అంటే మియాపూర్ ప్రభుదాస్ గారికి, శేరిలింగంపల్లి రామబ్రహ్మం గారికి, ఆఫీసుల దగ్గర హాలులో ఆరాధన జరిపే అవినాష్ గారికి వందనాలు. మీ ఇళ్ళలో అందరూ క్షేమమని తలుస్తాను. మా ఇంట్లో క్షేమం లేదు కనుక ఆ మాట రాయించడం లేదు.

నా పేరు గడ్డం దీనమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగలలేదు. పుప్పాలగూడ పాత ఊరిలో మొగిలి ఇంట్లో కింది గదుల్లో కిరాయికి ఉంటున్నాను. ఇంట్లో నేను, నా కూతురు విమల. విమల దవాఖానాలో నర్సు. పోయిన నెల దాకా ఆమె కొడుకు కిరణ్ పాల్ కూడా ఉండేవాడు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది రామబ్రహ్మం గారి కూతురు జాస్మిన్. పుప్పాలగూడ తరగతికి పిల్లలను పోగుచేసి, చాపలు పరిచి, మంచినీళ్ళు పెట్టేది ఈ పిల్లే. చేతిరాత చూసి అయ్యగారు గుర్తుపడతారు. రాసినందుకు దాన్ని ఏమీ అనవద్దు. చెయ్యి దానిది, మాట నాది. నేను తిట్టినచోట తిట్టు తిట్టుగానే రాయమన్నాను. అది మొదటి తిట్టు దగ్గరే కలం ఆపి కూర్చుంది. అందుకని తిట్లు మానేశాను.

మీరు ముగ్గురూ సంతకాలు పెట్టి పంపిన కాగితం అందింది. కిరణ్ పాల్ భూస్థాపన దగ్గర, తల మీద చేతులుంచి పాస్టరుగా నియమించని మనిషి ఎవరో, అయ్యగారే పలకవలసిన మాటలు పలికారట. ఆ పేరు తెలిసేదాకా పుప్పాలగూడ తరగతి ఆగిపోవాలట. తెలిశాక ఆ మనిషిని సంఘం నుంచి వెలివేస్తారట. మీ ముగ్గురి సంతకాలు ఒక్క కాగితం మీదికి రావడం ఇది రెండోసారి. మొదటిసారి తరగతి మొదలుపెట్టిన రోజు.

ఆ రోజు మియాపూర్ గుడిలో నేనూ ఉన్నాను. పిల్లలు ఉద్యోగాలకని ఎక్కడెక్కడి నుంచో వచ్చి హాస్టళ్ళలో ఉంటున్నారు, ఒక్కో సంఘానికి నలుగురైదుగురే అందుతున్నారు, విడివిడిగా నేర్పేకన్నా కలిసి నేర్పుదాం అన్నారు మీరు. బాగుంది. తర్వాత ప్రభుదాస్ గారు ఒప్పందం చదివారు. బాప్తిస్మం గురించి తరగతిలో వాదించుకోకూడదు. ఒకరి సంఘంలోని గొర్రెను ఇంకొకరు తమ మందలో కలుపుకోకూడదు. గొర్రెల దొంగతనం అనే మాట రాగానే గుడంతా నవ్వింది. నేనూ నవ్వాను, చప్పట్లు కూడా కొట్టాను.

తరగతి బాగానే నడిచింది, కాదనను. శనివారం సాయంత్రం మా మేడ మీద కూర్చునేవారు. కింద వంట చేసుకుంటూ నేను వినేదాన్ని. మావాడిది రాత్రి డ్యూటీ. ఒకసారి అవినాష్ గారిని అడిగాడు, శనివారం రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఆదివారం పొద్దంతా నిద్రపోతే విశ్రాంతి దినం పాటించినట్టేనా అని. ఆయన జవాబు వెతుక్కునేలోగా తరగతి పిల్లాడు బెన్నీ అందుకున్నాడు. అరే, నువ్వు పాటించుడు గాదురా, గురక పెట్టి ఊరంతా ప్రకటిస్తున్నవ్ అన్నాడు. మేడ అదిరేలా నవ్వారు. నవ్వుతూనే అడిగాడు గాని, వాడు అడిగింది ఉన్నమాట. ఆదివారం వాడు మీ ముగ్గురిలో ఎవరి గుడిలోనూ లేడు. ఇంకొకరి దగ్గర ఉన్నాడని ముగ్గురూ అనుకున్నారు.

పోయిన నెల డ్యూటీ దిగి బండి మీద వస్తుంటే సర్వీసు రోడ్డులో నీళ్ళ ట్యాంకరు కొట్టింది. దవాఖానాకు చేరేలోపే పోయాడు. ఆ పొద్దు విమల వేరే దవాఖానాలో ఎవరి బిడ్డకో సెలైన్ ఎక్కిస్తోంది.

ప్రభుదాస్ గారూ, మొదట మీకే ఫోను చేయించాను. మీ గుడి సమాధుల తోటలో నా పెనిమిటి ఉన్నాడు. పసివాడప్పుడు కిరణ్ పాల్ తల మీద నీళ్ళు చల్లింది మీ గుడిలోనే. అమ్మగారూ, బాబు గుడికి, ప్రభు బల్లకు వచ్చి చాలా కాలమైందండీ, అవినాష్ గారి దగ్గర చేరాడనుకుని పేరు తీసేశామండీ, ఇప్పుడు నేను ముందుకొస్తే వాళ్ళ మనిషిని లాక్కున్నట్టు ఉంటుందండీ అన్నారు. చచ్చినవాణ్ణి లాక్కుని ఏం చేసుకుంటారయ్యా అని అడిగాను. ప్రార్థనలో పెడతామండీ అని ఫోను పెట్టేశారు.

అవినాష్ గారూ, మీరు బెంగళూరు మీటింగులో ఉన్నారు. అవ్వా, మాకు బరియల్ గ్రౌండ్ లేదు, కిరణ్ మా మెంబర్ కూడా కాదు, ప్రభుదాస్ అంకుల్‌ని దాటి నేను చేస్తే పార్ట్‌నర్‌షిప్ దెబ్బతింటుంది అన్నారు. ఆ ఇంగ్లీషు మాటేంటని బెన్నీని అడిగాను. పొత్తు అవ్వా అన్నాడు.

రామబ్రహ్మం గారూ, మీ ఇంటికి నేనే ఆటో ఎక్కి వచ్చాను. మీరు గేటు దగ్గరే నిలబడ్డారు. మీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చూశాను. పిల్లగాడు మంచోడే అమ్మా, గని నీళ్ళల్ల మునిగి బాప్తిస్మం తీసుకోలే, మా జాగల పెడితే సంఘం పెద్దలు ఊకోరు, ఆడ ప్రభుదాస్ గారు నన్ను దొంగ అంటరు అన్నారు. ముసలిదాన్ని వీధిలో నిలబెట్టారని మీ కూతురు లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు.

గొర్రెను దొంగిలించకూడదని రాసుకున్నారు. గొర్రె చచ్చిన రోజు ముగ్గురూ ఆ మాట బాగా నిలబెట్టుకున్నారు.

మర్నాటి దాకా వాడు వాకిట్లో ఫ్రీజర్ పెట్టెలోనే ఉన్నాడు. చివరికి మా ఇంటి యజమాని మొగిలి వచ్చాడు. అతను మన నమ్మకంలోని వాడు కాదు. అమ్మా, ఇగ ఎంతసేపు ఉంచుతవ్, మా నాయినను పెట్టిన తాన జాగున్నది, మా కులపోళ్ళను అడిగిన, ఎవ్వలు ఏమనరు, నువ్వు ఫికర్ జేయకు అన్నాడు. అతని భార్య భాగ్యమ్మ విమలను లేపి, తల దువ్వి, చీర కట్టింది. అపార్ట్‌మెంట్ల గోడ పక్కన ఆ జాగాలో తరగతి పిల్లలే మోసుకెళ్ళి దించారు.

ఇక మీరు అడిగిన పేరు. ఆ మాటలు పలికింది నేనే. గడ్డం దీనమ్మ. ఇంకెవరూ కాదు. పిడికెడు మట్టి వేశాను. మట్టిలోంచి వచ్చినవాణ్ణి మట్టికి అప్పగిస్తున్నామని, లేపవలసిన రోజున మరిచిపోకుండా లేపమని దేవుడికి గట్టిగా చెప్పాను. ఆమెన్ అనమంటే పిల్లలు అన్నారు. వాళ్ళ తప్పు అంతవరకే. చదువు రానిదానికి ఆ మాటలెలా వచ్చాయంటారేమో, ఎంతమందిని సాగనంపాను, ఆ మాత్రం రావా. ఆడదానివి, నీకు అధికారం ఎవరిచ్చారంటారేమో. మీరు ముగ్గురూ ఇచ్చారు. రాకుండా ఉండి ఇచ్చారు.

వెలి వేయాలంటే నన్ను వేయండి. ప్రభుదాస్ గారూ, మీ సంఘంలో నా పేరు కొట్టేయండి. నా పెనిమిటి పక్కన నాకని ఉంచిన చోటు ఇంకెవరికైనా ఇవ్వండి. కిరణ్ పాల్ పక్కన నాకు చోటు దొరుకుతుందా అని మొగిలిని అడిగాను, దొరుకుతుందన్నాడు.

కాని తరగతి ఆపవద్దు. పోయిన శనివారం పిల్లలు వచ్చి, మేడకు తాళం చూసి, మెట్ల మీద కూర్చుని పోయారు. స్టెల్లా అనే పిల్లది వరంగల్ అవతల పల్లె. ఆఫీసుల నన్ను ఐడీ నంబరుతోని పిలుస్తరు అవ్వా, హాస్టల్ల రూము నంబరుతోని పిలుస్తరు, పేరు పెట్టి పిలిచేది మీ మేడ మీదనే అంది. ఆ పిల్ల మీ ముగ్గురిలో ఎవరి మందలోదో ఇప్పుడే తేల్చుకోండి. రేపు ఇంకో ముసలిది ఆటో ఎక్కి మీ గేట్ల ముందుకు రాకూడదు.

నేను చెప్పవలసింది ఇంతే. కోపంతో చెప్పాను గాని ఆలోచించే చెప్పాను. మొత్తం చదివించుకుని విన్నాను. నేను చెప్పినట్టే ఉంది.

ఇట్లు,
గడ్డం దీనమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
మొగిలి, ఇంటి యజమాని.
బెన్నీ, వాక్య తరగతి.

తా.క. ఇక్కడి నుంచి ఉన్న మాటలు దీనమ్మ అవ్వ చెప్పినవి కావు. ఆమె వేలిముద్ర వేసి లోపలికి వెళ్ళింది. ఇది నేను ఆమెకు చదివి వినిపించలేదు.

నాన్నా, ఆ మాటలు పలికింది నేను. అవ్వ మట్టి చేతిలోకి తీసుకుంది. నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. విమల ఆంటీ నేల మీద కూర్చుండిపోయింది. ఏమన్న చదువుతరా బిడ్డా, మట్టి పొయ్యమంటరా అని మొగిలి అన్న పార పట్టుకుని అడిగాడు. ఒక్క మాట కూడా లేకుండా కిరణ్ మీద మట్టి పడబోతోంది. నేను ముందుకు వెళ్ళాను. చిన్నప్పటి నుంచి సమాధుల దగ్గర మీకు గొడుగు పట్టుకుని నిలబడి విన్న మాటలే అన్నాను. మీరు ఆగేచోటే ఆగాను.

మన సంఘంలో ఆడవాళ్ళు నలుగురిలో నోరు విప్పకూడదు. విప్పింది మీ కూతురని తెలిస్తే పెద్దలు మిమ్మల్ని కూడా ఉండనివ్వరని అవ్వకు తెలుసు. అందుకే తన మీద వేసుకుంది. వద్దన్నాను. రేపో మాపో పోయేదాన్ని, నన్నేం జేస్తరే అంది. ఆమె చెప్పిన అబద్ధాన్ని అక్షరం మార్చకుండా రాశాను. మొగిలి అన్న, బెన్నీ ఆ వేలిముద్రకు సాక్షులు, ఆ మాటకు కాదు.

ఈ కాగితం మీ ముగ్గురికీ అందుతుందని తెలిసే రాస్తున్నాను. వెలివేయవలసిన పేరు నాది. మీరు పంపే జవాబును అవ్వ నా చేతికే ఇచ్చి చదవమంటుంది. నేను ఆమె ముందు కూర్చుని మీ మాటలు పైకి చదవాలి నాన్నా. అది తలుచుకుని రాయండి.

జాస్మిన్