దొరగారి పనితనం

ప్రియమైన మా ఇంటి యజమానురాలికి,

యోగక్షేమాలు తర్వాత. ముందు అసలు సంగతి. గెలిచాం! కనీస వేతనం చట్టమైపోయింది. దేశమంతటికీ ఒకటే మాట. ఏ పనైనా కానీ, ఎవరి దగ్గరైనా కానీ, ఇంతకు తగ్గి జీతం ఇవ్వడానికి వీల్లేదు. నిన్న మా సీసాల కంపెనీ గేటు ముందు మైకులో ఆ వార్త చదువుతుంటే ఎవరికీ కాళ్ళు నేలమీద ఆనలేదు. కొలిమి దగ్గర పనిచేసే మా పెద్దాయన ఉన్నాడే, నవ్వడం రాదని మేమంతా ఏడిపించే మనిషి, నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పేశాడు. నడుం ఇంకా పట్టేసే ఉంది.

నువ్వు ఎన్నెన్ని మాటలన్నావు! "ఎండలో జెండా పట్టుకుని నిలబడితే జ్వరాలు వస్తాయి గానీ జీతాలు వస్తాయా?" అన్నావా లేదా? జ్వరమూ వచ్చింది, జీతమూ పెరిగింది. ఇప్పుడేమంటావు? ఇక్కడ పగిలిన గాజు ఊడ్చే ముసలావిడకైతే ఏకంగా రెట్టింపు. ఇవాళ ఆవిడ చీపురు పట్టుకుని వస్తుంటే సూపర్‌వైజరు పక్కకు తప్పుకుని దారిచ్చాడు. నా కళ్ళతో చూశాను.

తమ్ముడికి కూడా చెప్పు. వాడికిక పూర్తి జీతం. ఆ అట్టపెట్టెల షెడ్డాయన ఇన్నేళ్ళుగా పక్కవాళ్ళకిచ్చే దాంట్లో సగమే వాడి చేతిలో పెడుతున్నాడు. దూరాన ఉండి నేనేమీ అనలేకపోయాను. ఇప్పుడు చట్టమే అంటుంది. ఎవరైనా తగ్గించి ఇస్తున్నారని తెలిస్తే వాళ్ళ మీద నేనే ఫిర్యాదు పెడతాను. తెలిసినవాడని కూడా చూడను.

ఇట్లు,
జ్వరం తగ్గిన నీ మొగుడు


ప్రియమైన మీకు,

సరే, ఒప్పుకున్నాను. ఈ ఒక్కసారికి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. దీన్నే పట్టుకుని జన్మంతా సాధించకండి.

మీ జీతం పెరిగిన సంగతి మీ ఉత్తరం కంటే ముందే ఇంటాయనకు తెలిసిపోయింది. వచ్చే నెల నుంచి అద్దె పెంచుతానని కబురు పంపాడు. ఆసుపత్రిలో నేల తుడిచే మన పక్కింటావిడ తన సంపాదనతో కళ్ళజోడు కొనుక్కుంది. అది పెట్టుకుని నేరుగా మనింటికే వచ్చి, నలువైపులా చూసి, "మీ ఇంట్లో ఇంత బూజుందని ఇన్నాళ్ళూ తెలీలేదే!" అంది. ఆవిడ సంతోషం చూసి నాకు కోపం కూడా రాలేదు. మూల మీద బట్టల కొట్టులో ముగ్గురమ్మాయిలకూ జీతం పెంచాలి కదా, ఇద్దరికి పెంచి మూడో అమ్మాయిని మానేయమన్నారు. ఆ అమ్మాయి కొట్టు ఎదురుగా ఉన్న అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

ఇక మన దొరగారి సంగతి. చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరు తరిమినా తొందరపడకుండా నడుస్తాడని మీ తమ్ముడికి వీధంతా పెట్టిన పేరది, అంతకంటే బాగా ఎవరూ పెట్టలేరు. పనిలోనూ అంతే. బూట్ల పెట్టె ఒకటి మడిచాక దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, నాలుగు మూలలూ గోటితో నొక్కి, మూత పెట్టి, మూత తీసి, అప్పుడు గానీ పక్కన పెట్టడు. ఈలోగా పక్కన కూర్చునే జిగురక్క రెండు ముగించేస్తుంది. కానీ దొర చేసిన పెట్టె ఒక్కటి కూడా వెనక్కి రాదని జిగురక్కే చెబుతుంది.

నిన్న షెడ్డాయన ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. "అమ్మా, అందరికీ పెంచాను. మా ఆవిడ కూడా ఇప్పుడు పెట్టెలు మడుస్తోంది. బూట్ల కంపెనీవాళ్ళు మాత్రం పెట్టెకు దమ్మిడీ ఎక్కువ ఇవ్వనంటున్నారు. సగం పని చేసే మనిషికి పూర్తి జీతం నేనెక్కణ్ణుంచి తేను?" అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఆయన చొక్కా మోచేతుల దగ్గర చిరిగి ఉంది.

ఒక దారి ఉందట. పని తక్కువ చేయగలిగే వాళ్ళకు ఆ మేరకు తగ్గించి ఇవ్వొచ్చట. లేబరు ఆఫీసరు వచ్చి, మనిషిని కూర్చోబెట్టి పని చూసి, ఎంత చేయగలడో రాసి వెళ్ళాలి. అలా రాయించుకుంటే దొర ఎప్పటిలాగే పనిలో ఉండొచ్చు.

మీరు ఎగిరిపడకండి. డబ్బు గురించి కాదు నా దిగులు. అత్తయ్యగారు పోయాక రెండేళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషిని మళ్ళీ మనుషుల్లో పడేసింది ఆ షెడ్డే. అది పోతే మళ్ళీ ఆ గోడే మిగులుతుంది. అందుకే సరేనన్నాను. మీరేమంటారు?

ఇట్లు,
మాట వెనక్కి తీసుకున్న మీ భార్య


ప్రియమైన నీకు,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. మనిషికి మనిషికి తేడా లేదని గొంతు చించుకుని అరిచినవాణ్ణి, నా తమ్ముడికి తేడా ఉందని నేనే రాయించాలా?

కానీ ఆ గోడ నాకూ గుర్తుంది. షెడ్డు పోకూడదు. సరే, రమ్మను ఆ ఆఫీసరుని.

నా భయం ఇంకొకటి. ఆఫీసర్లంటే నీకు తెలియదు. కొత్త మనిషిని చూస్తే మనవాడికి చేతులు ఆడవు. ఒక్క పెట్టె కూడా మడవలేక కూర్చుంటే, "ఇతను దేనికీ పనికిరాడు, పంపేయండి" అని రాసి పోతాడేమో! వాడికి కాస్త ధైర్యం చెప్పు. కింది మాటలు వాడి కోసం. చదివి వినిపించు.

తమ్ముడూ, ఆఫీసరు వస్తే బెదరకు. మన ఇంటి పరువు నీ చేతుల్లో పెడుతున్నాను. నీ పనితనం ఏమిటో చూపించు. అన్నయ్య ఇక్కడి నుంచి చూస్తున్నాననుకో.

సెలవు అడిగాను. ఇవ్వలేదు. కొత్త మిషను ఒకటి తెచ్చారు, అది బిగించేదాకా ఎవరూ కదలడానికి లేదట. ఓవర్‌టైం కూడా తీసేశారు. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఇట్లు,
నీ వాడు


ప్రియమైన మీకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. దొర ఆరోగ్యం బాగానే ఉంది, ముందు అది తెలుసుకోండి.

మీ ఉత్తరం వచ్చిందనగానే ఎప్పటిలాగే ఎదురుగా వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తన కోసం రాసింది చదవమన్నాడు. అది చదవకూడదని నాకు ఒక్క క్షణం అనిపించింది. కానీ మీ ఉత్తరంలో తన ముక్క కోసం వారాల తరబడి ఎదురుచూసే మనిషికి ఏమీ లేదని ఎలా చెప్పను? చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను.

ఆఫీసరు ఆడమనిషి. మంచిదే, మర్యాదగా "కూర్చోండి" అని అతనితో అంది. జిగురక్కను పక్కన కూర్చోబెట్టి ఇద్దరినీ మొదలుపెట్టమంది. ఏమండీ, నేను ఆ షెడ్డు గుమ్మంలో నిలబడి నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. తిప్పి చూడ్డం లేదు, మూలలు నొక్కడం లేదు. మడవడం, పక్కన పడేయడం, మడవడం, పక్కన పడేయడం. పళ్ళు బిగించి, చెమటలు కారుతూ, ఒక్కసారి కూడా తల ఎత్తకుండా. జిగురక్క "మెల్లగా నాయనా, మెల్లగా" అని గొణుగుతూనే ఉంది. అతను వినలేదు. చివరికి ఆమెతో సమానంగా చేశాడు!

ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. "ఇతను తక్కువ చేస్తాడని ఎవరన్నారండీ? ఇలాంటి వాళ్ళకు అన్యాయం జరగకూడదనే కదా చట్టం తెచ్చింది! పూర్తి జీతం ఇవ్వాల్సిందే" అని షెడ్డాయనను కోప్పడి, అలాగే రాసుకుని వెళ్ళిపోయింది. దొర నా వైపు చూసి నవ్వాడు. అంత పెద్ద నవ్వు అతని ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. షెడ్డులో వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఏం చేయాలో తెలియక.

మర్నాటికి చేతివేళ్ళు వాచిపోయి గ్లాసు పట్టుకోలేకపోయాడు. వాపు తగ్గాక మళ్ళీ షెడ్డుకెళ్ళి, మళ్ళీ ఎప్పటిలాగే అటు తిప్పి, ఇటు తిప్పి. వారం చూసి షెడ్డాయన మన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. "నా వల్ల కాదమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

రోజూ పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గడప మీద కూర్చుంటున్నాడు. "జీతం పెంచారు కదా వదినా, పిలుస్తారులే" అంటాడు. మొదట్లో దారిన పోయేవాళ్ళను పలకరించేవాడు. ఇప్పుడు వాళ్ళు పలకరించినా పలకడం లేదు.

ఇట్లు,
మీ భార్య


ప్రియమైన నీకు,

నావల్లే జరిగింది. ఇంకెవరినీ అనుకోకు, నిన్ను నువ్వు అసలే అనుకోకు.

ఇక్కడ మిషను బిగించారు. సీసాలు సర్దే వాళ్ళలో సగానికి పైగా ఇంటికి పంపారు. నన్ను ఉంచారు. పెద్దాయనను పంపేశారు. వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి, "అయినా మనం చేసింది మంచి పనేరా" అన్నాడు. ఊడ్చే ముసలావిడ ఉంది. ఆమె మనవరాలు బడికి వెళుతోంది ఇప్పుడు. అందుకే తప్పు చేశామని అనలేను. ఒప్పు చేశామని నీకు రాయడానికి చెయ్యి రావడం లేదు. సెలవు మాటెత్తితే ఇంకొకరు సిద్ధంగా ఉన్నారంటున్నారు, నేను రాలేను.

ఒక పని చెయ్యి. షెడ్డాయన దగ్గరికి వెళ్ళి, పైకి పూర్తి జీతం అని చూపించి, చేతికి సగమే ఇమ్మను. మనం ఎవరికీ చెప్పమని మాటివ్వు. ఈ మాట నేను రాశానని ఎవరికీ తెలియనివ్వకు, ఈ ఉత్తరం చించెయ్యి. అతను ఒప్పుకోకపోతే ఆఫీసరును మళ్ళీ పిలిపించమను. మళ్ళీ చూడొచ్చని మా యూనియన్ గుమాస్తా చెప్పాడు. ఈసారి మెల్లగా చేయమని తమ్ముడికి నువ్వే చెప్పు. నేను రాయలేను.

నీ వాడు


ప్రియమైన మీకు,

షెడ్డాయన ఒప్పుకోలేదు. దొర పేరు ఇప్పుడు ఆఫీసరు దగ్గర ఉందట, దొరికిపోతే షెడ్డు మూతపడి అందరి నోటి దగ్గర కూడూ పోతుందన్నాడు. నిజమే కదా.

ఆఫీసరును మళ్ళీ పిలిపించాం. "ఇంటివాళ్ళై ఉండి తక్కువ రాయమంటారేమిటి?" అని ఆమె నన్నొక చూపు చూసింది. ఆమెకు ఏం చెప్పినా తప్పే. తల వంచుకున్నాను.

అంతకు ముందు రోజు దొరను పెరట్లో కూర్చోబెట్టి, ఈసారి మెల్లగా, రోజూ చేసినట్టే చేయమని చెప్పాను. "అలా చేస్తే ఏం రాస్తారు?" అన్నాడు. తక్కువ చేస్తావని రాస్తారన్నాను.

"సగమనా?"

"ఆ, సగమని."

"నాకు ముందే తెలుసు వదినా. మొదటిసారి ఆఫీసరు రాకముందే జిగురక్క చెప్పింది."

మనమంతా అతను మీ మాట పట్టుకుని తెలియక అలా చేశాడనుకున్నాం కదండీ. తెలిసే చేశాడు.

"మరి ఇన్నాళ్ళూ సగమేగా తీసుకున్నావు! ఎందుకలా ఒళ్ళు హూనం చేసుకున్నావు?" అని అరిచాను. అరవకూడదు, అరిచాను.

"ఇచ్చేది సగమైతే ఏముంది, ఇస్తే తీసుకున్నా. నన్నే సగమని రాస్తే ఎట్లా వదినా?" అన్నాడు.

నేను ఏడ్చాను. నేను ఏడవడం చూడలేడు. చాలాసేపు తన చేతులు చూసుకుని, "సరేలే, మెల్లగా చేస్తాను. నువ్వు ఊరుకో" అన్నాడు.

చేశాడు. కావాలని రోజూ చేసినట్టు చేయడం అతనికి చేతకాలేదు, ఎవరికైనా ఎలా చేతనవుతుంది? ఒక మూల మడవడం, విప్పడం, మళ్ళీ వంకరగా మడవడం. మధ్యమధ్యలో తలెత్తి నావైపు చూసి, ఇంత మెల్లగా చేస్తే సరిపోతుందా అని కళ్ళతోనే అడుగుతున్నాడు. నేను తల ఊపుతున్నాను. జిగురక్క పని ఆపేసి బయటికి వెళ్ళిపోయింది. ఆఫీసరుకు ఈసారి కోపం రాలేదు, జాలిపడింది. సగం కూడా కాదు, మూడో వంతని రాసింది. ఆ కాగితం మీద దొర చేత వేలిముద్ర వేయించుకుంది. సంతకం పెట్టడం వచ్చునని అతనూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. మీరు కోరుకున్నదీ నేను కోరుకున్నదీ అదే కదా, అయిపోయింది.

ఈ ఉత్తరం రాస్తుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు. "మూడో వంతు సంగతి అన్నయ్యకు రాయకు వదినా. ఈసారి కూడా బాగా చేశానని రాయి" అన్నాడు. అలాగే రాశానన్నాను. చదివి వినిపించమన్నాడు. కాగితం చూస్తూ, మీ తమ్ముడు షెడ్డంతటిలోకీ బాగా చేశాడనీ, ఆఫీసరు మెచ్చుకుందనీ చదివాను. తలాడిస్తూ విన్నాడు.

మీరు జవాబు రాసేటప్పుడు అతని కోసం రాసే ముక్కలో మెచ్చుకుంటూ రాయండి. మీకేమీ తెలియనట్టే రాయండి.

ఇట్లు,
మీ భార్య